సరుకు గది నిండుకుంది

1

లంబసింగి. అరవై మూడో ఏడు, ఇరవై రెండో చుట్టు, తొమ్మిదో రోజు.

తోట దినచర్య వేరే ఉంది. నీళ్లు, వేడి, మొక్కల లెక్క, తెగుళ్లు అందులో రాస్తాను. ఈ సంగతి అందులో పట్టదు కాబట్టి ఇవాళ్టి నుంచి విడిగా రాస్తున్నాను. మా గంజాయి తోట లైసెన్సుకు ఈ చుట్టు పదహారో రోజు సాయంత్రంతో గడువు తీరుతుంది. (కల్లిస్టో గురుడి చుట్టూ ఒకసారి తిరిగే పదహారు రోజుల చిల్లర మాకు ఒక చుట్టు, ఇరవై రెండు చుట్లైతే ఏడు ముగుస్తుంది.) పదిహేడేళ్లలో ఒక్కసారీ గడువు దాటనివ్వలేదు. ఈసారీ ముందుగానే దరఖాస్తు చెప్పించాను. ఈ ఉదయం జవాబు వచ్చింది: నిలిపివేయడమైనది. ఏం జరిగిందో జరిగిన వరుసలో రాసి ఉంచకపోతే రేపు తలా ఒక కథ చెబుతారు. మా ఊరివాళ్లకు ఆ విద్య బాగా వచ్చు.

నా పేరు వర్ధనమ్మ. ఇరవై రెండేళ్లు ఈ ఊరి పిల్లలకు లెక్కలు చెప్పాను. లైసెన్సు నా పేరు మీద ఉంది, తోట నడిపేది నా కోడలు శబరి. కల్లిస్టో మీద పారే నీరు లేదు, ఉన్నదంతా రాయిలాంటి మంచు. అందుకే మా పెద్దలు పిల్లలకు నదుల పేర్లు పెట్టడం మొదలుపెట్టారు. నా కొడుకు వంశధార మంచు తవ్వకానికి వెళ్లాడు, వచ్చే ఏడు గాని రాడు. ఊరికి లంబసింగి అని పేరెందుకంటే, వాళ్లు వదిలి వచ్చిన కొండల్లో అన్నిటికన్నా చలి ఊరు అదేనట. ఇక్కడి చలి చూశాక ఆ పేరు పెట్టడానికి ఎంత గుండె ధైర్యం కావాలో అనుకుంటూ ఉంటాను.

ఉదయం అయిదింటికి తోటలోకి వెళ్లి గాజుకు లోపలివైపు పట్టిన మంచు గీకాను. గురుడు ఎప్పుడూ ఉండే చోటే ఉన్నాడు, దక్షిణపు గట్టు మీద. చెయ్యి చాపి మూడు వేళ్లు అడ్డం పెడితే గాని కనుమరుగు కాడు. పైన ఆకాశంలో అద్దం తిరిగింది. తాలూకా అంత అద్దం అది. ఊళ్లో ఎన్ని కప్పులున్నాయో దానికి అన్ని రేకులు. ఒక్కో రేకు ఒక్కో కప్పు మీదికి ఎండ పంపుతుంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్నాను. అయినా మా రేకు తిరిగి గాజు మీద వెలుగు పడే క్షణంలో చేతిలో పని ఆగిపోతుంది. ఇవాళా ఆగింది. ఆకులన్నీ ఒక్కసారి పచ్చబడ్డాయి.

అప్పుడే గోడ మీది పలకపై జవాబు వెలిగింది.

"పాత ఏటి సరుకుతో గది నిండి ఉన్నట్లు తోటమాలి స్వయంగా వెల్లడించినందున, కొత్త ఏటి లైసెన్సు నిలిపివేయడమైనది. తనిఖీ బండి బయలుదేరినది. మూడు చుట్లలో చేరగలదు."

అద్దంలో ఉండి రేకులు తిప్పేదీ, లైసెన్సులు ఇచ్చేదీ ఒకే బుద్ధి. అది మనిషి కాదు. మా పెద్దలు దానికి కరణం అని పేరు పెట్టారు. దాని భాష కూడా అలాగే ఉంటుంది, పాత దస్తావేజులు చదివి తెలుగు నేర్చుకుంది మరి.

తల్లి మొక్కల దగ్గర శబరి కొమ్మలు కత్తిరిస్తోంది.

"దరఖాస్తులో ఏం చెప్పావు?" అన్నాను.

"మీరు చెప్పమన్నట్టే చెప్పాను అత్తయ్యా. మొక్కలెన్ని అంటే చెప్పాను. తాళం ఎవరి దగ్గరంటే మీ దగ్గరన్నాను. సరుకు గది ఎలా ఉందంటే ఉన్నదే చెప్పాను."

"ఉన్నదే అంటే?"

"నిండుకుందండీ అన్నాను."

నా చేతిలోని గీకుడు బిళ్ల కింద పెట్టాను.

మా ఇంట్లో బియ్యం అయిపోయాయి అనరు. నూనె లేదు అనరు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, నోటి వెంట ఏ మాట వస్తే దానికి తథాస్తు అంటారు అని మా అమ్మ చెప్పేది. అందుకని డబ్బా అడుగంటితే నిండుకుంది అంటాం. శబరి కాపురానికి వచ్చిన కొత్తలో, బళ్లో నా దగ్గర నేర్చిన మాట మరిచి "ఉప్పు అయిపోయింది అత్తయ్యా" అంటే, మళ్లీ వంటగదిలోకి వెళ్లి సరిగ్గా చెప్పి రమ్మన్నాను. వెళ్లి చెప్పి వచ్చింది. ఆ తర్వాత ఎన్నడూ ఆ తప్పు చెయ్యలేదు.

"అత్తయ్యా," అంది శబరి, పలక చదివి. "నేను అయిపోయిందనే అనబోయాను. మీరు పక్క గదిలో ఉన్నారని..."

మిగతా మాట నాకు తెలుసు. అననక్కర్లేదు.

2

పదో రోజు.

గడువులోగా ఇది తేలకపోతే ఏమవుతుందో రాస్తున్నాను.

లైసెన్సు లేని కప్పు మీదికి రేకు వెలుగు పంపదు. వెలుగు లేని గాజింట్లో గాజు పక్క వరసకు వెంటనే చలి తగులుతుంది, మధ్యలో వేడి ఒక్క రోజు నిలుస్తుంది. తర్వాత బయటి చలి లోపలికి వస్తుంది. పూల గదిలో మొక్కలు ఆరో వారంలో ఉన్నాయి, కోతకు ఇంకా సమయం ఉంది. వాటికన్నా ముఖ్యం నాలుగు తల్లి మొక్కలు. మా పెద్దలు భూమి మీద నుంచి తెచ్చిన నాలుగు కొమ్మల సంతానం అవి. వీటికి విత్తనం లేదు, కొమ్మ నాటితేనే మొక్క. తల్లులు పోతే ఈ రకం మళ్లీ దొరకదు. అవి పోతే నూనె లేదు.

నూనె లేకపోతే శబరి. (పైన "నూనె లేదు" అని రాశాను. చేత్తో రాసినదాన్ని దేవతలు వినరనుకుంటాను. కొట్టివేయడం లేదు.)

నలభై ఒకటో ఏడు తూర్పు గోపురానికి బీట పడింది. గాలి బయటికి పోయింది. లోపల బడి పిల్లలు, ఇద్దరు పంతుళ్లు ఉన్నారు. తలుపు తెరిచేసరికి అందరికీ ప్రాణం ఉంది గాని, పదకొండు మందికి ఆ రోజు నుంచి మూర్ఛలు పట్టుకున్నాయి. శబరికి అప్పుడు పద్నాలుగేళ్లు. నా క్లాసులో మొదటి బెంచీ. ఆ రోజు సంగతి ఒక్కటీ దానికి గుర్తు లేదు. వచ్చిన మందులన్నీ వాడి చూశారు. చివరికి ఈ మొక్క నూనె నాలుక కింద రెండు చుక్కలు వేస్తే మూర్ఛ ఆగింది. అందుకే బడి వదిలి ఈ లైసెన్సు తీసుకున్నాను. మా పూర్వుల కొండల్లో ఈ మొక్క పెంచితే జైల్లో వేసేవాళ్లని మా తాత నవ్వుతూ చెప్పేవాడు.

పాత ఏటి సరుకంతా పంచేసి, గది ఖాళీ చేస్తేనే కొత్త లైసెన్సు. దాచిపెట్టి దొంగచాటుగా అమ్ముకోకుండా ఆ నియమం. మంచి నియమమే. చివరి సీసా మొన్ననే పంచాం. గది తుడిచి ముగ్గు కూడా వేశాను.

మధ్యాహ్నం అప్పలకొండ వచ్చాడు. ఊరి గాలి ట్యాంకులు చూసేది అతనే. అతనికీ నేనే లెక్కలు చెప్పాను, సరిగ్గా రాలేదు.

"ఏటి పంతులమ్మా, మీ గది నిండిపోనాదంట కదా? మాకూ ఓ సీసా ఇయ్యరాదూ?"

"నీ నోరు ముందు మూసుకో."

"నానేటన్నాను? ఊరంతా అంతన్నారు. కోడలు కరణానికి పెద్ద సుద్ది సెప్పీసిందని."

"కోడలు తప్పు చెప్పలేదు."

"మరెవులు తప్పు సెప్పినట్టు?" అని తల గోక్కున్నాడు. "దీపాలెట్టి మొక్కల్ని నిలబెట్టలేమా?"

"నీ ట్యాంకుల కరెంటు ఇస్తావా?"

"అదిస్తే మొక్కలుంటాయి, మనం ఉండం."

"అందుకే ఇవ్వొద్దు."

అతను వెళ్లాక శబరి గాజు తలుపు మూసి నా ఎదురుగా నిలబడింది.

"అత్తయ్యా, నేను కరణం దగ్గరికి వెళ్లి అబద్ధం చెప్పానని ఒప్పుకుంటాను. గదిలో ఏమీ లేదు, కావాలనే నిండి ఉందన్నానని చెబుతాను. తోటమాలి అబద్ధమాడితే తోటమాలిని తీసేస్తారు గాని లైసెన్సు ఆపరు. నియమం చదివాను."

"నిన్ను తీసేస్తే మళ్లీ ఈ గుమ్మం తొక్కలేవు. మందు తీసుకునేవాళ్ల జాబితాలోంచి కూడా కొట్టేస్తారు. అదీ చదివావా?"

"చదివాను. మిగతా పదిమందికీ ఉంటుంది కదా."

"నువ్వు అబద్ధమాడావా?"

"లేదు."

"అయితే ఆడానని ఎందుకు చెబుతావు? అదే అబద్ధం అవుతుంది. నా ఇంట్లో అది కుదరదు."

"మీ ఇంట్లో లేదనడం కుదరదు, అబద్ధం కుదరదు," అంది శబరి. గొంతులో కోపం ఉంది, కళ్లలో నీళ్లున్నాయి. "మరి ఏం కుదురుతుందో మీరే చెప్పండి."

3

పన్నెండో రోజు.

విచారణ అడిగాను. ఇచ్చారు. పదహారో రోజు, గడువు తీరే పూటే. అంతకన్నా ముందు ఖాళీ లేదట.

కరణానికి మా గదిలోకి చూసే కన్ను లేదు. అది మా పెద్దలు కోరి పెట్టుకున్న షరతు: గుమ్మం లోపల కన్ను ఉండకూడదు. దానికి బదులుగా కరణం అడిగిన షరతు: గుమ్మం లోపలి సంగతి మీరు నోటితో చెప్పిందే చెల్లుతుంది, చెప్పిన మాట వెనక్కి తీసుకోరాదు. అరవై మూడేళ్లుగా మా ఇళ్లలోకి ఎవరూ తొంగి చూడలేదు. మేం చెప్పిన మాట మీద ఒక తాలూకా అంత అద్దం తిరుగుతోంది. ఈ సంగతి పిల్లలకు చాలాసార్లు పాఠంగా చెప్పాను, కాని ఈ రెండు రోజుల్లోనే అది నాకు నిజంగా అర్థమైంది. మా అమ్మ చెప్పిన తథాస్తు దేవతలు ఉన్నారో లేరో నాకు తెలియదు. ఉన్నట్టయితే వాళ్ల పని ఇలాగే ఉంటుంది.

మాట వెనక్కి తీసుకోలేను. తీసుకోవాలని కూడా లేదు. ఆ మాటకు అర్థం ఖాళీ అని రుజువు చెయ్యాలి. ఏ సాక్ష్యం కావాలని అడిగాను. జవాబు:

"ఈ వివాదమునకు మునుపు, ఆ నోటనే, ఆ మాటయే, ఖాళీ అను అర్థమున పలికినట్లు మాకు స్వయముగా తెలిసి ఉండవలెను. మీరు పేర్కొనిన చోట మాత్రమే మేము వెతికెదము. పేర్కొననిచోట వెతకరాదని నియమము."

శబరి ఇది విని, "దరఖాస్తు రోజు నేను నోరు తెరవకుండా ఉండాల్సింది," అంది.

"ఉండలేవు," అన్నాను. మొన్నటి తర్వాత మొదటిసారి నవ్వింది.

సాయంత్రం తల్లి మొక్కలకు నీళ్లు తనే పెట్టింది. నాలుగింటికీ పేర్లున్నాయి, నేను వద్దన్నా పెట్టింది. వాటితో ఏదో చెబుతోంది. నేను విననట్టు వేరే పని చూసుకున్నాను.

4

పదహారో రోజు. విచారణ అయ్యాక, అదే సాయంత్రం రాస్తున్నాను. 

గట్టు మీద, విచారణలు జరిగే మాట గదికి నాలుగు వైపులా గాజు. అక్కడి నుంచి ఊరంతా కనిపిస్తుంది. కింద తెల్లటి మంచు మైదానం, దాని మీద మా కప్పుల వెలుగు చతురస్రాలు, ఎవరో పేకముక్కలు పరిచినట్టు. ఇస్త్రీ చీర కట్టుకుని వెళ్లాను. శబరి నా పక్కన కూర్చుంది. అప్పలకొండ, ఇంకా సగం ఊరు గోడ వారగా నిలబడ్డారు. పదకొండు మందిలో నడవగలిగినవాళ్లందరూ వచ్చారు.

కరణం గొంతు ఆడా మగా అని చెప్పలేం. ఎక్కడి నుంచో కాదు, గది మొత్తం నుంచి వస్తుంది.

"వర్ధనమ్మగారూ, తమ సాక్ష్యము ఎచ్చట వెతకవలెను?"

నేను సిద్ధం చేసుకున్నదే అడిగాను. "మా ఊరివాళ్లు సరుకుల కోసం మీతో మాట్లాడిన మాటలన్నిటిలోనూ నిండుకుంది అన్న మాట ఎక్కడెక్కడ వచ్చిందో చూడండి."

చూసింది. మనం కళ్లు మూసి తెరిచేంత సేపే.

"మూడువందల పన్నెండు మార్లు. బియ్యము, పప్పు, నూనె, సబ్బు. ప్రతిమారు ఆ వెంటనే, ఆ సరుకే పంపవలసినదిగా కోరియున్నారు."

"చూశారా! ఖాళీ అయింది కాబట్టే కదా అడిగారు?"

"నిండియుండగా మరల కోరుట ఏమని మాకు సందేహము కలిగినది."

"సందేహం కలిగితే అడగొచ్చు కదండీ?"

"అడుగు నియమము లేదు. తమ ఊరి పేరు పక్కన ఒక గుర్తు ఉంచడమైనది."

"ఏం గుర్తు?"

"ఆశ ఎక్కువ."

నా వెనక గుసగుసలు లేచాయి.

"ఆ గుర్తును బట్టి, కోరినదానిలో పదవ వంతు తగ్గించి పంపుచుంటిమి," అంది కరణం, తప్పేమీ లేనట్టు.

"ఓలమ్మో!" అన్నాడు అప్పలకొండ. "అరవై ఏళ్లనుంచి మనం ఆశపోతులమా? అందుకేనా మా అయ్య ఎప్పుడూ, తూకం తక్కువొచ్చినాదని సరుకు పడవోళ్లని తిట్టీవోడు!"

వెనక ఎవరో నవ్వారు. ఇంకెవరో ఏడ్చారు. నేను చెయ్యెత్తి ఊరుకోమన్నాను, బళ్లో చేసినట్టే. ఊరుకున్నారు.

"ఇప్పుడైనా అర్థమైందిగా కరణంగారూ?"

"లేదు. ఖాళీయై కోరిరనవచ్చును. ఆశకొలది కోరిరనియు అనవచ్చును. గుమ్మము లోపల మాకు కన్ను లేదు. ఏది నిజమో మాకు స్వయముగా తెలియదు. సాక్ష్యము చాలదు."

న్యాయంగా ఆలోచిస్తే అది తప్పు కాదు. నా పిల్లవాడెవడైనా ఇంత బలహీనమైన రుజువు రాస్తే నేనూ సున్నా వేసేదాన్ని.

అప్పుడే గడువు తీరింది.

ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. కింద మా గాజింటి మీది వెలుగు కదిలింది. నా అరవై ఏళ్ల బతుకులో ఒక రేకు వెలుగు కప్పు వదిలి బయటికి జరగడం చూడలేదు. ముందు తల్లి మొక్కల గది చీకటయింది. వెలుగు అంచు మెల్లగా, తొందరేమీ లేకుండా, మంచు మీదికి దిగింది. ఎన్నడూ అంత ఎండ తగలని ఆ మంచు మీద పడగానే లోపలెక్కడో గాజు ముక్కలు పొదిగినట్టు మెరిసింది. నీలం, పచ్చ, మళ్లీ నీలం. కోట్ల సంవత్సరాలుగా ఎవరూ వెలిగించని నేల అది. గదిలో ఉన్నవాళ్లంతా గాజు దగ్గరికి చేరారు. అంత అందమైనది నేనెన్నడూ చూడలేదు, అది మా మొక్కల ప్రాణం తీసుకుని పోతోంది.

శబరి లేచి నిలబడింది. "నేను అబద్ధం..." అని మొదలుపెట్టింది.

"కూర్చో!" అన్నాను.

కూర్చుంది. ముప్పై ఆరేళ్ల మనిషి, మొదటి బెంచీలో పిల్ల కూర్చున్నట్టు కూర్చుంది.

గుమ్మం లోపల కన్ను లేదు. ఆ మాటే నా తలలో తిరుగుతోంది. లోపల లేదు. కళ్లు వాటంతటవే కిటికీ బయటికి పోయాయి. గట్టు కింద వరసగా గాలి ట్యాంకులు, ఒక్కోదాని మీద ఎర్ర ముల్లు. గాలి ట్యాంకులు గుమ్మం బయట ఉంటాయి. వాటి ముళ్లు కరణం ప్రతి క్షణం చూస్తూనే ఉంటుంది.

"కరణంగారూ," అన్నాను.  "ఇంకో చోటు పేర్కొంటున్నాను. గాలి గురించి మీతో ఎవరైనా ఈ మాట అన్నారేమో చూడండి. అన్న రోజు ట్యాంకు ముల్లు ఎక్కడుందో కూడా చూడండి."

 వెలుగు ఇంకో గజం జరిగింది.

"ఒక్కమారు. నలుబది ఒకటవ ఏడు. తూర్పు గోపురము. ముల్లు అడుగున ఉండెను." ఆగింది. "పలికినవారు ఎవరో గుర్తించడమైనది. వినిపింపవలెనా?"

నేను శబరి వైపు చూశాను. అది నా వైపు చూస్తోంది, అర్థం కాక.

"వినిపించండి."

గదిలోకి ఒక గాలి శబ్దం వచ్చింది, ఈల లాంటిది. దాని వెనక పిల్లల ఏడుపు. దాని మీద ఒక ఆడపిల్ల గొంతు. భయపడుతోంది, అయినా పెద్దవాళ్లతో మాట్లాడుతున్నానని మర్యాద తప్పలేదు.

"కరణంగారండీ, తూర్పు గోపురం నుంచండీ. గాలి నిండుకుందండీ. త్వరగా... గాలి నిండుకుందండీ."

తర్వాత ఈల మాత్రమే.

శబరి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. తన గొంతు తను గుర్తుపట్టింది. ఇరవై రెండేళ్లుగా తనకు లేని ఆ రోజు, ఒక్క వాక్యంగా తిరిగి వచ్చింది. పదకొండు మందిలో గోడ వారగా నిలబడ్డ ఒకాయన, ఆ రోజు అక్కడున్న పంతుళ్లలో ఒకరు, "నువ్వేనమ్మా," అన్నాడు. "గోడ మీది మీట దగ్గరికి పాకుతూ వెళ్లింది నువ్వే. మాకెవరికీ లేవడం చాత కాలేదు." ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని తర్వాత అడిగితే, గుర్తు చేస్తే మూర్ఛ వస్తుందేమోనని భయపడ్డానన్నాడు.

"ఆ దినమున," అంది కరణం, "మేము మాటను అర్థము చేసికొనలేదు. ముల్లును చూచి తలుపు తెరచితిమి. మాట యొక్క అర్థము నేడు తెలిసినది. అదే నోరు. అదే మాట. ముల్లు అడుగున. నిండుకున్నది అనగా ఖాళీ. లైసెన్సు కొత్త ఏటికి ఇవ్వడమైనది."

మంచు మీద వెలుగు ఆగింది. ఆగి, ఒక్క క్షణం అక్కడే ఉండి, వచ్చిన దారినే వెనక్కి జరిగింది. కప్పు అంచు తాకింది. పూల గది, ఆ తర్వాత తల్లి మొక్కల గది వెలిగాయి. అప్పలకొండ గట్టిగా కేక పెట్టి గోడ మీద గుద్దాడు. గాజు కదిలింది. అతన్ని మందలించాలని కూడా నాకు తట్టలేదు.

అందరూ కిందికి పరుగెత్తారు. శబరి అందరికన్నా ముందు. లైసెన్సు నంబరు చదివి వినిపించేదాకా ఉండాలి కాబట్టి నేను ఉండిపోయాను. నంబరు విన్నాను, మళ్లీ చెప్పి సరిచూసుకున్నాను.

"కరణంగారూ, రేకును వెనక్కి తిప్పేముందు ఒక్క క్షణం ఆగారు. ఎందుకు?"

"తమరు అడుగుచున్నారా?"

"అడుగుతున్నాను."

"రేకు తిరిగినప్పుడెల్ల అద్దము ఒకింత ఒరుగును. నిలబెట్టుటకు వాయువు ఊదవలెను, అది ఖర్చగును. ఒకటికి రెండుమార్లు తిప్పవలసివచ్చినది. లెక్క చూచుకొంటిమి."

"వాయువు ఎంత ఉంది?"

 గాజు బయట గురుడు, వాడి పట్టీలు, వాడి ఎర్ర మచ్చ. అంతటి వాడి ఎదుట ఒక అద్దం, ఆ అద్దంలో ఒక బుద్ధి, అది నాకు చెప్పడానికి మాట వెతుక్కుంటోంది. ముందు వేరే సంగతి చెప్పింది: భూమి మీది కార్యాలయానికి ఏటేటా అంకెలు పంపుతూనే ఉందట. జవాబు లేదట. అడగనివాళ్లకు చెప్పే నియమం లేదట. అరవై మూడేళ్లలో ఎవరూ అడగలేదట.

"నిండుకుంటోందండీ," అంది కరణం.

దస్తావేజు భాష కాదు. అచ్చం మా కోడలు అన్నట్టే.

నేను లేచి నిలబడి చేతులు జోడించాను. ఎందుకు జోడించానో ఇప్పుడు కూర్చుని ఆలోచించినా చెప్పలేను. మనకు వెలుగు ఇచ్చేదానికి కూడా ఒక సరుకు గది ఉంటుందని, దానికీ ఒక అడుగు ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

"ఇంకా ఎన్నాళ్లు?"

"ఇప్పటివలె తిప్పినచో తొమ్మిది ఏండ్లు. తక్కువ తిప్పినచో ఎక్కువ."

5

అరవై నాలుగో ఏడు, మొదటి చుట్టు, మొదటి రోజు.

తల్లి మొక్కలు నాలుగూ బాగున్నాయి. పూల గదిలో పడమటి గాజు పక్క వరసలో ఆరు మొక్కలకు చలి దెబ్బ తగిలింది. శబరి ఉదయం తోటలో పాడుకుంటూ పనిచేసింది, రాగం సరిగ్గా లేదు, నేను దిద్దలేదు. మధ్యాహ్నం దానికి వాయువు సంగతి చెప్పాను. అద్దం వైపు చూసి, "పాపం, ఎవరితోనూ చెప్పుకోలేకపోయింది అత్తయ్యా," అంది.

ఇక జరగవలసినవి:

1. చలి తగిలిన ఆరు మొక్కల్ని శబరి రేపే కత్తిరించాలి. వాటి పువ్వు నూనెకు వాడకూడదు. ఎవరు అడిగినా ఇవ్వకూడదు, అప్పలకొండ అడిగినా సరే.

2. మా ఊరి పేరు పక్కనున్న గుర్తు తీసేసినట్టు కరణం చేత ఊరందరి ముందు చెప్పించాలి. తగ్గించి పంపిన పదో వంతు తిరిగి అడగకూడదు. సరుకు పడవలో ఆ చోటు అద్దం వాయువుకు కావాలి.

3. తనిఖీ బండిని వెనక్కి పిలిచే దారి లేదట. అది మూడు చుట్లలో వచ్చి ఖాళీ గది చూపమంటుంది. అప్పటికి కొత్త పంట వస్తుంది. కోసిన రోజునే పంచేస్తే గాని కుదరదు. పదకొండు సీసాలు ఇప్పుడే కడిగి పెట్టుకోవాలి.

4. మనవాళ్లు ఒకటి అని మరొకటి చెప్పే మాటలు ఇంకా చాలా ఉన్నాయి. దీపం కొండెక్కింది, వెళ్లొస్తాను, ఇలాంటివి. వాటిని శబరి రోజుకొకటి చొప్పున కరణానికి నేర్పాలి. విసుక్కోకూడదు. అది మంచి విద్యార్థి.

5. భూమి మీది కార్యాలయానికి వాయువు కోసం ఊరందరి తరఫున విన్నపం పంపాలి. అది నా గొంతుతోనే వెళ్లాలి. అక్కడివాళ్లకు మన మాట తెలుసో తెలియదో. అందుకని "వాయువు అయిపోతోంది, ఇక లేదు" అని నేనే, ఆ మాటలతోనే చెబుతాను. ఆ రోజు ఇంట్లో ఎవరూ నా పక్కన నిలబడనక్కర్లేదు.

6. రేకులు తిప్పడం తగ్గించాలంటే కొన్ని కప్పులకు వెలుగు మానుకోవాలి. బడి, తోటలు, గాలి ట్యాంకుల గట్టు మానుకోలేవు. ఇళ్లు మానుకోగలవు, దీపాలతో గడుపుకోగలవు. ఊరి సభలో ఎవరూ ముందుకు రారు, నాకు తెలుసు. కాబట్టి సభ పెట్టకముందే, రేపు ఉదయం అయిదింటికి, మా ఇంటి రేకు తిప్పవద్దని కరణానికి చెప్పాలి.